మందుల షాపులో ల్యాబు, యాడ్ పక్కన రివ్యూ

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది భీమవరం దగ్గర ఓ పల్లెటూరు. మీ పేపరు మా నాన్నగారి టైం నుంచీ మా ఇంటికి వస్తోంది, ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి, తప్పులుంటే సర్దుకోండి. రెండు వారాల కిందట ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో ఓ మొబైల్ గేమ్ గురించి సగం పేజీ వేశారు. గ్రాఫిక్స్ అదుర్స్, కథ అదుర్స్, పిల్లలూ పెద్దలూ అందరూ ఆడొచ్చు, అయిదు స్టార్లకి నాలుగున్నర. చదువుకుంటూ కిందకి వస్తే అదే గేమ్ రంగుల యాడు. పైన రివ్యూలో వేసిన బొమ్మే కింద యాడ్‌లోనూ ఉందండి. మా మేనల్లుడు పక్కనే టిఫిన్ తింటున్నాడు, వాడికి చూపించి "ఏంట్రా ఇది, రివ్యూయా యాడా" అన్నాను. "రెండూ ఒకటే కదా మావయ్యా" అన్నాడు, పెసరట్టు మీంచి తల కూడా ఎత్తకుండా. వాడికి పందొమ్మిదేళ్ళు. అది తప్పేమో అన్న అనుమానం కూడా వాడికి రాలేదు చూశారా, నేను కాగితం తీసింది అందుకేనండి. గేమ్ బాగుందో లేదో నాకు తెలీదు, నేనాడలేదు.

డబ్బు తీసుకుని రాశారని నేననట్లేదు, ముందే చెప్తున్నా. తెలీనిది అనకూడదు. నాకు తెలిసింది వేరే ఉంది, అది నా షాపు సంగతి, అది చెప్తాను.

నేను 2004 నుంచి ఓ పదేళ్ళు నెట్ సెంటర్ నడిపానండి. ఎనిమిది సిస్టమ్‌లు, సాయంత్రం అయితే ఇంజనీరింగ్ కుర్రాళ్ళు కౌంటర్ స్ట్రైక్ ఆడ్డానికి క్యూ కట్టేవాళ్ళు, చిన్న పిల్లలు వైస్ సిటీ. కొత్త గేమ్ ఏది వస్తుంది, నా పాత కంప్యూటర్ల మీద ఏది నడుస్తుంది అని రాత్రి షట్టర్ దించాక అమెరికా సైట్లలో రివ్యూలు చదివేవాణ్ణి, డిక్షనరీ పక్కన పెట్టుకుని. నా ఇంగ్లీషు అక్కడే వచ్చింది, చెప్పొద్దూ. తర్వాత అందరికీ సెల్లుల్లో నెట్ వచ్చేసింది, సెంటర్ మూసేసి రొయ్యల చెరువుల మందులూ మినరల్సూ అమ్మే షాపు పెట్టాను. ఇప్పుడు దాని మీదే బతుకుతున్నాం.

షాపు వెనక గదిలో ల్యాబ్ ఉందండి. మా ఏరియాలో ఇది మామూలే, చాలా షాపులకి ఉంటుంది. రైతు సీసాలో చెరువు నీళ్ళూ, కవర్లో నాలుగు వనామీ రొయ్యలూ పట్టుకొస్తాడు, ల్యాబ్ కుర్రాడు పీహెచ్ చూస్తాడు, అమ్మోనియా చూస్తాడు, ప్లేట్ వేసి విబ్రియో అనే చెడ్డ బాక్టీరియా ఎంతుందో చూస్తాడు, చీటీ రాసిస్తాడు. ఫ్రీ. ఎందుకు ఫ్రీయో మీకు నేను చెప్పక్కర్లేదు, చీటీ పట్టుకుని రైతు వచ్చేది ముందు గదిలో నా కౌంటర్ దగ్గరికే. మొదటి సంవత్సరం ఓ బీఎస్సీ కుర్రాణ్ణి పెట్టాను, మంచి తెలివైనవాడు. ఓ రైతుకి "అమ్మోనియా కొంచెం ఎక్కువుందండి, మేత తగ్గించి రెండు రోజులు ఏరేటర్లు బాగా తిప్పండి, నీళ్ళు కాస్త మార్చండి, మందేం వద్దు" అని చెప్పి పంపించేశాడు. కరెక్టే చెప్పాడు. నేను కౌంటర్లోంచి చూస్తున్నాను, ఏమీ అనలేదండి, ఒట్టు. కొంచెం మొహం పెట్టానేమో. అంతే. తర్వాత వారం నుంచీ వాడి ప్రతి చీటీలో ఓ జియోలైట్ బస్తా (అమ్మోనియా తగ్గడానికని అమ్మే పొడి), ఓ ప్రోబయోటిక్ ప్యాకెట్ (మంచి బాక్టీరియా) ఉండేవి. రాయమని నేను ఎప్పుడూ చెప్పలేదు. ఏడాది పోయాక నవ్వుతా "ఏరా ప్రతి చెరువుకీ ప్రోబయోటిక్ కావాలా" అంటే "మరి నా జీతం అందులోంచే కదండీ" అన్నాడు.

ఆ మాట విన్నాక నాకు నెట్ సెంటర్ రోజుల్లో చదివిన సంగతి ఒకటి గుర్తొచ్చింది. 2007 నవంబర్లో గేమ్‌స్పాట్ అనే సైట్‌లో జెఫ్ గర్స్ట్‌మన్ అని పేరున్న రివ్యూయర్ ఉండేవాడు. ఈడోస్ అనే కంపెనీ గేమ్ కేన్ అండ్ లించ్ కి పదికి 6 మార్కులు వేశాడు, ఫర్వాలేదు అన్నట్టు. అదే టైంలో సైట్ మొత్తానికి ఆ గేమ్ యాడ్లే తోరణాలు కట్టినట్టు కట్టి ఉన్నాయి. ఆ నెలాఖర్లో ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. సైట్ వాళ్ళు దీనికీ దానికీ సంబంధం లేదన్నారు. తర్వాత కొన్ని నెలల్లో అక్కడ పనిచేసే మరికొందరు కూడా బయటకి వచ్చేశారు, 2008లో ఆయన వేరే సైట్ జెయింట్ బాంబ్ పెట్టుకున్నాడు. అసలు సంగతి చెప్పడానికి ఆయనకి 2012 మార్చి దాకా కుదర్లేదు, అప్పుడు చెప్పాడు, మార్కులు తక్కువ వేస్తే యాడ్లు తీసేస్తామని గేమ్ కంపెనీలు ఒత్తిడి పెట్టేవని, కొత్తగా వచ్చిన మేనేజర్లు ఆ డబ్బు పోతుందనేసరికి వంగిపోయారని. ఇప్పటికీ గేమ్ జర్నలిజం గురించి ఎవరు మాట్లాడినా ముందు ఇదే చెప్తారు. నేను మాత్రం వేరేగా చూస్తానండి. ఉద్యోగం పీకేశారు కాబట్టి మనకి తెలిసింది. ఆ మేనేజర్లు నాలాగా మొహం పెట్టి ఊరుకుని ఉంటే తెలిసేదే కాదు, ఆయన తర్వాత గేమ్‌కి 7 వేసేవాడు, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. మా ల్యాబ్ కుర్రాడి మీద ఏ పేపర్లోనూ వార్త రాలేదు కదా.

ఇంకోటి, మీ పేపర్‌కీ ఆ సైట్లకీ ఒక తేడా ఉంది. మీకు బంగారం షాపులు యాడ్లిస్తాయి, కాలేజీలిస్తాయి, వెంచర్లవాళ్ళిస్తారు, మా ఫీడ్ కంపెనీలూ ఇస్తాయి, ఒకడు అలిగిపోయినా ఇంకొకడుంటాడు. వట్టి గేమ్‌ల గురించే రాసే సైట్‌కి యాడ్ ఎవరిస్తారండి, ఎక్కువగా గేమ్ కంపెనీలే, గేమ్ ఆడే మెషీన్లు అమ్మేవాళ్ళే. ఎవరి గురించి రాయాలో వాళ్ళ దగ్గరే డబ్బు తీసుకోవాలి. మా దగ్గర రొయ్యలు కొనే కంపెనీ ఒకటే ఉంటే ఏమవుతుందో ఏ రైతునడిగినా చెప్తాడు, రేటు వాడు చెప్పిందే.

రాసేవాణ్ణి కట్టేసే తాళ్ళలో యాడ్ ఒకటి, రెండో తాడు గేమ్ కాపీ. రివ్యూ రాయాలంటే విడుదలకి ముందే గేమ్ చేతికి రావాలి, ఇచ్చేది కంపెనీయే. గేమ్ వచ్చిన రోజే రివ్యూ ఉంటే జనం వస్తారు, జనం వస్తేనే యాడ్ డబ్బు, వారం ఆగి వేస్తే ఎవడూ చూడడు. కాబట్టి కాపీ ఇవ్వడం మానేస్తే చాలు, చెయ్యి విరిచినట్టే. కొటాకు అనే సైట్ బయటకి రాకూడని సంగతులు ముందే రాసేసిందని బెథెస్డా, యూబీసాఫ్ట్ అనే గేమ్ కంపెనీలు దాంతో మాట్లాడ్డమే మానేశాయట, ఫోన్ల్లేవు, కాపీల్లేవు, 2015 నవంబర్లో ఆ సైట్ ఎడిటరే ఈ సంగతి రాశాడు. రాసినవేమైనా అబద్ధాలా అంటే కాదు, నిజాలే. అదే కోపం. 2020 డిసెంబర్లో వచ్చిన సైబర్‌పంక్ 2077 అనే గేమ్ సంగతి ఇంకో రకం. రివ్యూయర్లకి ముందుగా కంప్యూటర్ కాపీలే ఇచ్చారు, వీడియోలో కూడా కంపెనీ ఇచ్చిన ఫుటేజే వాడాలన్నారు. మంచి కంప్యూటర్ మీద బానే నడిచింది, మంచి మార్కులే పడ్డాయి. పాత ప్లేస్టేషన్ 4 (సోనీ వాళ్ళ గేమ్ మెషీన్) మీద ఎలా ఉందో విడుదలయ్యే దాకా ఎవరూ చూడలేదు, చూశాక గోలగోల, వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్‌లోంచి ఆ గేమ్ తీసేసి డబ్బులు వెనక్కిస్తామంది. ఇక్కడ ఎవరూ అబద్ధం రాయలేదండి గమనించారా. ఏది చూపించాలో వాళ్ళే ఎంచి పెట్టారు, అంతే. సీడ్ (రొయ్య పిల్లలు) అమ్మేవాడు హేచరీలో బాగున్న ట్యాంకు ఒక్కటే మూత తీసి చూపించినట్టు.

మార్కుల సంగతి కూడా చెప్పాలి, మా వాళ్ళకి ఇది బాగా అర్థమవుద్ది. రొయ్యలకి కౌంట్ ఉంటుంది కదా, కిలోకి ఎన్ని తూగాయి అని, దాన్ని బట్టే రేటు. పట్టుబడి రోజు చెరువు గట్టు మీద కాటా దగ్గర ఒక్క కౌంట్ కోసం ఎంత గొడవో చూసినవాళ్ళకే తెలుస్తుంది. గేమ్‌లకి మెటాక్రిటిక్ అని ఓ సైటుంది, అందరి రివ్యూల మార్కులూ కలిపి వందకి ఇంత అని వేస్తుంది. 2010లో వచ్చిన ఫాలౌట్ న్యూ వేగాస్ గేమ్ తయారుచేసిన అబ్సిడియన్ కంపెనీకి అక్కడ 85 వస్తే బోనస్ అని ఒప్పందం. వచ్చింది 84. బోనస్ పోయింది. ఇప్పుడు ఆ 84లో ఎవడో ఒక రివ్యూయర్ వేసిన మార్కు ఉంది, వాడు రాత్రి నిద్ర లేక చిరాగ్గా ఉండి ఒకటి తగ్గించి ఉండొచ్చు, దానికి ఓ ఆఫీసు మొత్తానికి బోనస్ పోయింది. అంత డబ్బు ఆ అంకె మీద పెడితే ఆ అంకె వేసేవాణ్ణి ఎవరు ప్రశాంతంగా ఉండనిస్తారండి.

మా మేనల్లుడేమో "సైట్లు ఎవడు చదువుతున్నాడు మావయ్యా, ఇప్పుడంతా యూట్యూబే, వాళ్ళు మనలాంటోళ్ళే, నిజం చెప్తారు" అంటాడు. మనలాంటోళ్ళే, కాదన్ను. 2014లో షాడో ఆఫ్ మోర్డార్ అనే గేమ్‌కి వార్నర్ బ్రదర్స్ యూట్యూబర్లకి డబ్బులిచ్చింది, కొందరికి వందల డాలర్లు, కొందరికి పదుల వేలు. గేమ్ గురించి చెడ్డగా మాట్లాడకూడదు, బగ్‌లు, అంటే గేమ్‌లో లోపాలు, చూపించకూడదు అని షరతు. డబ్బు తీసుకున్నామన్న ముక్క వీడియో కింద డిస్క్రిప్షన్‌లో, నొక్కితే గానీ కనిపించని చోట రాయించారు. ప్యూడీపై అని అప్పట్లో ప్రపంచంలోనే పెద్ద యూట్యూబర్, ఆయన కూడా అందులో ఉన్నాడు, ఆయన వీడియో ఒక్కటే 37 లక్షల పైన మంది చూశారు. అమెరికాలో ఎఫ్‌టీసీ అని వినియోగదారుల సంస్థ కేసు పెట్టి 2016లో ఇంక ఇలా చెయ్యకూడదని రాజీ రాయించుకుంది. అప్పటికే ఆ గేమ్ అమ్ముడైపోయి రెండేళ్ళయింది లెండి.

మన దగ్గర రూల్స్ లేవా అంటే ఉన్నాయి. యాడ్ల స్టాండర్డ్స్ చూసే ఆస్కీ 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకి గైడ్‌లైన్స్ పెట్టింది, డబ్బు తీసుకున్నా ఫ్రీ వస్తువు తీసుకున్నా కనిపించేట్టు చెప్పాలని. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం కూడా అలాంటివే ఇచ్చింది. మా మేనల్లుడి ఫ్రెండ్ ఒకడు గేమ్ వీడియోలు చేస్తాడు, ఏదో కంపెనీ వాడికి ఫోన్ పంపించింది, ఫోన్‌తో పాటు ఏం మాట్లాడాలో ఓ పేజీ కూడా పంపించింది. వీడియోలో చెప్పలేదేంట్రా ఫోన్ ఫ్రీగా వచ్చిందని అంటే "మళ్ళీ పంపరండీ" అన్నాడు. పాపం వాణ్ణేం అంటాం, ఆ ఫోన్ వాడి నాన్న మూడు నెలల కూలి.

ఇక డబ్బులు పెట్టి ఆడే గేమ్‌ల సంగతి, ఇది రాస్తే మీరు వేస్తారో లేదో తెలీదు, అయినా రాస్తాను. సంక్రాంతికి కోడి పందేలు ఆడతారని మా భీమవరం వాళ్ళని ఏడాదికోసారి అందరూ తిడతారు, మీ పేపర్లోనూ రాస్తారు, రాయండి తప్పులేదు. ఆ పందెం మూడు రోజులు, గట్టు మీద అందరి ముందూ. రమ్మీ, ఫాంటసీ క్రికెట్ యాప్‌లు ఏడాది పొడుగునా దుప్పట్లో. మన రాష్ట్రంలో 2020లోనే డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నిషేధించారు, అదే ఏడాది ఫాంటసీ క్రికెట్ యాప్ డ్రీమ్11 ఐపీఎల్‌కి టైటిల్ స్పాన్సర్. ఆ ఏడాది చివర్లోనే ఈ యాడ్లలో ఇరవై శాతం జాగా వదిలి ఇందులో డబ్బు పోయే రిస్కుంది, అలవాటు పడిపోతారు అని రాయాలని ఆస్కీ రూల్ పెట్టింది, ఆ ముక్క టీవీలో ఎంత స్పీడుగా చదివేవాడో మీకూ గుర్తుండే ఉంటుంది. 2025 మార్చిలో హైదరాబాద్‌లో బెట్టింగ్ యాప్‌లు ప్రమోట్ చేశారని యూట్యూబర్ల మీద, నటుల మీద కేసులు పెట్టారు, ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేసేసింది, ఇప్పుడు ఆ ఆటలకి యాడ్ వేసినా రెండేళ్ళ వరకూ జైలు, 50 లక్షల దాకా జరిమానా. చట్టం వచ్చాక అందరూ ఆ ఆటలు ఎంత చెడ్డవో పెద్ద పెద్ద వ్యాసాలు వేశారు. యాడ్లు వస్తున్నన్నాళ్ళూ అవి ఎందుకు పడలేదండి అని మా వీధిలో టీ కొట్టు దగ్గర ఓ మాస్టారు అడిగారు. ఆయన ప్రశ్న మీకు పంపుతున్నా, నా దగ్గర జవాబు లేదు.

తప్పంతా రాసేవాళ్ళదే అంటే అదీ అన్యాయం. రైతుకి మందేం వద్దని చెప్తే సంతోషించి వెళ్ళిపోతాడనుకుంటున్నారా, పక్క షాపుకెళ్ళి అక్కడ ఏదో ఒకటి కొనుక్కుంటాడు, ఉత్త చేతుల్తో చెరువుకెళ్ళడం వాడికి భయం. గేమ్ పాఠకులూ అంతే. ఎదురుచూసిన గేమ్‌కి పదికి 7 వేస్తే రాసినవాణ్ణి బూతులు తిట్టేది వీళ్ళే. 2014లో గేమ్ జర్నలిజంలో నిజాయితీ కావాలని ఇంటర్నెట్‌లో పెద్ద ఉద్యమంలాగా లేచింది, లేచి ఏం చేశారయ్యా అంటే గేమ్‌లు తయారుచేసే, గేమ్‌ల గురించి రాసే ఆడవాళ్ళ మీద పడ్డారు. యాడ్లిచ్చే పెద్ద కంపెనీల జోలికి పోలేదు సరికదా, గామాసూత్ర అనే సైట్‌లో (పేరు చూసి నవ్వకండి, మంచి సైటే) ఓ వ్యాసం నచ్చలేదని దానికి యాడ్లిచ్చే ఇంటెల్‌కి ఈమెయిళ్ళు గుప్పించి ఆ యాడ్లు తీయించేశారు. నిజాయితీ కావాలన్నవాళ్ళే పత్రిక పీక మీద యాడ్ కత్తి పెట్టారు. దానికంటే విడ్డూరం నేను చూళ్ళేదు.

యాడ్లు లేకుండా బతకడం కుదురుతుందా అంటే కొందరు ప్రయత్నిస్తున్నారు. కొటాకు నుంచి బయటకొచ్చినవాళ్ళు 2023లో ఆఫ్టర్‌మ్యాత్ అని పాఠకుల చందాల మీద నడిచే సైట్ పెట్టుకున్నారు. ఆ జెయింట్ బాంబ్ చేతులు మారీ మారీ చివరికి 2025లో అక్కడ పనిచేసేవాళ్ళే కొనుక్కున్నారు. గేమ్‌లు అమ్మే షాపుల కంపెనీ గేమ్‌స్టాప్ చేతిలో ఉన్న గేమ్ ఇన్ఫార్మర్ పత్రికని మాత్రం 33 ఏళ్ళు నడిచాక 2024 ఆగస్టులో ఓ పూట మూసేశారు, పాత వ్యాసాలతో సహా సైట్ మొత్తం మాయం. మరుసటేడు వేరేవాళ్ళు కొని మళ్ళీ తెరిచారనుకోండి. మీ పేపర్‌ని యాడ్లు మానేయమని నేను చెప్పను, మీరు మానేస్తే నా నెల బిల్లు ఎంతవుద్దో నాకు తెలుసు.

నేనడిగేది చిన్న పని. గేమ్ గురించి గానీ ఫోన్ గురించి గానీ వేసినప్పుడు కింద రెండు లైన్లు వెయ్యండి. గేమ్ ఎవరిచ్చారు, కొన్నారా ఫ్రీగా వచ్చిందా. రాసినాయన ఎన్ని గంటలు ఆడారు. ఆ కంపెనీ యాడ్ ఈ నెలలో మన పేపర్లో ఉందా. అంతేనండి, చిన్న అక్షరాలైనా పర్లేదు, కళ్ళజోడు పెట్టుకుని చదువుకుంటాం. కుదిరితే రివ్యూ, దాని యాడు ఒకే పేజీలో రాకుండా చూడండి.

ఊరికే సలహా ఇవ్వట్లేదు. పోయినేడాది మా ల్యాబ్ గది తలుపు మీద బోర్డు పెట్టించాను, "ఈ ల్యాబు మందుల షాపువాళ్ళదే, అనుమానముంటే గవర్నమెంటు ల్యాబ్‌లో కూడా చూపించుకోండి" అని. మా ఆవిడ తిట్టింది. మా సేల్స్ ఆయన వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. రైతులు చదివి నవ్వారు, ఇద్దరు ముగ్గురు నిజంగానే అక్కడా చూపించుకుని చీటీలు రెండూ పక్కపక్కన పెట్టుకుని వచ్చారు, మా కుర్రాడు చెమటలు పట్టించుకుంటూ సమాధానం చెప్పాడు. ప్రోబయోటిక్ అమ్మకం కాస్త తగ్గింది. వాడి చీటీల్లో "మందు అవసరం లేదు" అన్న ముక్క మళ్ళీ కనపడుతోంది, నెలకి నాలుగైదు సార్లు. నేను మొహం పెట్టకుండా ఉండడం నేర్చుకుంటున్నాను, ఇంకా పూర్తిగా రాలేదు.

ఉత్తరం చాలా పెద్దదైపోయింది, జాగా లేకపోతే ఎక్కడైనా కోసెయ్యండి, ఆ రెండు లైన్ల సంగతి మాత్రం ఉంచండి. మా మేనల్లుడు ఇది పడదని నాతో వంద రూపాయలు పందెం కాశాడు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
భీమవరం దగ్గర నుంచి